లైనక్స్‌లో పాత ఫైల్ స్థానంలో కొత్తది: కమాండ్ లైన్‌లో ఏం జరుగుతుంది? బ్యాకప్‌ను ఎప్పుడు నమ్మవచ్చు?

2021 డిసెంబర్ 14, సాయంత్రం 5 గంటల 32 నిమిషాలు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో సూపర్ కంప్యూటర్‌కు అనుబంధంగా ఉన్న భారీ స్టోరేజ్ నుంచి పరిశోధకుల ఫైళ్లు మాయమవడం మొదలైంది. డిసెంబర్ 16 మధ్యాహ్నం వరకు అది ఆగలేదు. ఈలోగా 14 బృందాలకు చెందిన సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, అంటే 77 టెరాబైట్ల డేటా పోయింది. వీటిలో 4 బృందాల ఫైళ్లను బ్యాకప్ నుంచి కూడా తిరిగి తేలేమని విశ్వవిద్యాలయం ప్రకటించింది.

ఇది హ్యాకర్ల పని కాదు. డిస్కులూ చెడిపోలేదు. ఫైళ్లను కాపాడటానికి రాసిన బ్యాకప్ స్క్రిప్టే వాటిని తుడిచేసింది. ఆ స్క్రిప్ట్‌ను మెరుగుపరిచి, పాతదానిపై కొత్తదాన్ని కాపీ చేశారు. అయితే ఆ సమయానికి పాత స్క్రిప్ట్ ఇంకా నడుస్తూనే ఉంది. జరిగిన పొరపాటు అంతే.

పాత ఫైల్ స్థానంలో కొత్తది పెట్టడం కంప్యూటర్‌తో పని చేసేవాళ్లు రోజూ చేసే పనే. లైనక్స్ కమాండ్ లైన్‌లో అది రెండక్షరాల కమాండ్‌తో అయిపోతుంది. ‘నిజంగా చేయమంటారా?’ అన్న ప్రశ్న ఉండదు. వెనక్కి తీసుకునే బటన్ ఉండదు. కమాండ్ లైన్‌లో చెరిపినవి చేరే చెత్తబుట్ట కూడా ఉండదు.

ఈ వ్యాసం మొత్తానికి ఆధారమైన సూత్రం ఒక్కటే. కొత్తది పూర్తిగా సిద్ధమై, సరిగా ఉందని తేలేవరకు పాతది బతికి ఉండాలి. కింద చెప్పిన పద్ధతులన్నీ ఆ ఒక్క సూత్రాన్ని అమలు చేసే మార్గాలే.

ఇది ఎవరికి అవసరం?

ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో ఉన్నవన్నీ 2017 నవంబర్ నుంచి లైనక్స్‌పైనే నడుస్తున్నాయి. వెబ్‌సైట్లను నడిపే సర్వర్లలో అధిక భాగం లైనక్స్‌వే. మన దేశంలో సీ-డాక్ ‘బాస్’ పేరుతో సొంత లైనక్స్‌ను రూపొందించింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు చాలా ఏళ్లుగా ఉబుంటు ఆధారిత ఉచిత సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. విండోస్ కంప్యూటర్‌లోనూ ఇప్పుడు లైనక్స్ టెర్మినల్ తెరవవచ్చు. సర్వర్లు చూసే ఉద్యోగులకు, పరిశోధక విద్యార్థులకు, సొంత వెబ్‌సైట్ నడుపుకునే చిన్న పత్రికలకు ఈ నల్లటి తెరతో ఎప్పుడో ఒకప్పుడు పని పడుతుంది.

ఇక్కడ కమాండ్‌లను పలికే తీరులో తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఉదాహరణకు ‘సీపీ’ అంటే రెండు అక్షరాల కమాండ్. ‘సీపీ -ఐ’ అంటే ఆ కమాండ్ తర్వాత ఒక ఖాళీ, ఒక హైఫన్, ఒక అక్షరం. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెప్పాం.

పేరు వేరు, ఫైల్ వేరు

లైనక్స్‌లో ఫైల్ పేరు, ఫైల్‌లోని సమాచారం ఒకచోట ఉండవు. ప్రతి ఫైల్‌కూ ఐనోడ్ అనే అంతర్గత నమోదు ఒకటి, దానికొక సంఖ్య ఉంటాయి. ఫైల్ ఎవరిది, ఎంత పెద్దది, డిస్కులో ఎక్కడుంది అన్న వివరాలన్నీ ఆ ఐనోడ్ దగ్గరే ఉంటాయి. ఫోల్డర్‌లో కనిపించే పేరు ఆ ఐనోడ్‌ను చూపించే గుర్తు మాత్రమే. ‘ఎల్ఎస్ -ఐ’ అని కొడితే ప్రతి పేరు పక్కన ఆ సంఖ్య కనిపిస్తుంది.

ఐనోడ్‌ను ఇల్లు అనుకుంటే, ఫైల్ పేరు దాని గోడకు తగిలించిన పేరు పలక.

కాపీ చేసే ‘సీపీ’ కమాండ్‌కు ఇప్పటికే ఉన్న ఫైల్ పేరు ఇస్తే, అది పలకనూ మార్చదు, ఇంటినీ మార్చదు. ఇంట్లోని సామానంతా బయట పారేసి, కొత్త సామాను ఒక్కొక్కటిగా తెచ్చి పెడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్కు నిండినా పాత సామాను ఉండదు, కొత్తది సగమే ఉంటుంది. అప్పటికే ఆ ఇంట్లో ఎవరైనా ఉంటే, అంటే ఏదైనా ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను చదువుతూ ఉంటే, దాని కళ్ల ముందే అంతా మారిపోతుంది.

ఫైల్‌ను తరలించే లేదా పేరు మార్చే ‘ఎంవీ’ కమాండ్ పద్ధతి వేరు. రెండు పేర్లూ ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉంటే, ముందే కట్టి ఉంచిన కొత్త ఇంటికి పాత పేరు పలకను తగిలిస్తుంది. ఈ మార్పు అవిభాజ్యం. చూసేవాళ్లకు పాత ఫైల్ అయినా కనిపిస్తుంది, కొత్త ఫైల్ అయినా కనిపిస్తుంది. సగం ఫైల్ ఎప్పుడూ కనిపించదు. పాత ఇంట్లో ఉన్న ప్రోగ్రామ్ తన పని ముగించేవరకు ఆ ఇల్లు అలాగే ఉంటుంది. ఆ తర్వాతే దాన్ని కూల్చేస్తారు.

క్యోటోలో దెబ్బ తీసింది ఈ తేడానే. బ్యాష్ షెల్ ఒక స్క్రిప్ట్‌ను మొదట్లోనే మొత్తం చదివేసుకోదు. కొంచెం చదివి, నడిపి, ఆగిన చోటు నుంచి మళ్లీ చదువుతుంది. అలా నడుస్తున్న స్క్రిప్ట్‌పై కొత్తదాన్ని రాసేయడంతో, షెల్ కొత్త ఫైల్‌ను నడిమధ్య నుంచి అందుకుంది. కొత్త స్క్రిప్ట్‌లో కొన్ని వేరియబుల్స్ పేర్లు మారాయి. వాటికి విలువ ఇచ్చే పై వరుసలను షెల్ చదవనే లేదు. అందువల్ల ఆ వేరియబుల్స్ ఖాళీగా ఉండిపోయాయి. పాత లాగ్ ఫైళ్లను వెతికి చెరపాల్సిన ‘ఫైండ్’ కమాండ్, లాగ్ ఫోల్డర్‌లోవి వదిలేసి స్టోరేజ్ అంతటా ఫైళ్లను చెరుపుతూ పోయింది. డిసెంబర్ 3 తర్వాత మార్పు లేని ఫైళ్లన్నీ దాని దృష్టిలో పాత లాగ్‌లే. పని పూర్తయి భద్రంగా దాచుకున్న ఫలితాల ఫైళ్లను మళ్లీ మార్చాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ఈ లెక్కలో ముందుగా పోయేవి అలాంటివే.

నడుస్తున్న బైనరీ ప్రోగ్రామ్‌పై రాయబోతే లైనక్స్ కెర్నల్ అడ్డుకుంటుంది. స్క్రిప్ట్‌లకు ఆ రక్షణ లేదు. కొత్త స్క్రిప్ట్‌ను వేరే పేరుతో పక్కన పెట్టి, ‘ఎంవీ’తో పేరు మార్చి ఉంటే పాత స్క్రిప్ట్ తన పాత రూపంలోనే పని ముగించుకునేది.

ఫైల్‌ను తనకు తానే మింగేసే గుర్తు

కమాండ్ ఫలితాన్ని ఫైల్‌లోకి పంపే గ్రేటర్ దేన్ గుర్తు (>) కూడా ‘సీపీ’ లాంటిదే. ఇంకా చెప్పాలంటే దానికన్నా తొందరపాటుది. కమాండ్ మొదలవకముందే షెల్ ఆ ఫైల్‌ను ఖాళీ చేస్తుంది. అందుకే ఒక జాబితాను ‘సార్ట్’తో అక్షర క్రమంలో పెట్టి, ఆ ఫలితాన్ని ఈ గుర్తుతో అదే ఫైల్‌లోకి పంపితే మిగిలేది ఖాళీ ఫైల్. సార్ట్ చదవబోయే సరికే అందులో ఏమీ ఉండదు. సార్ట్‌కు ‘-ఓ’ ఆప్షన్ ఉన్నది ఇందుకే. మిగతా కమాండ్‌లకు ఫలితాన్ని మరో ఫైల్‌లోకి పంపి, తర్వాత పేరు మార్చుకోవాలి.

షెల్‌లో ‘సెట్ -ఓ నోక్లాబర్’ అని ఒకసారి చెబితే, ఉన్న ఫైల్‌పై ఈ గుర్తుతో రాయబోయినప్పుడు షెల్ నిరాకరిస్తుంది. నిజంగానే రాయాలనుకుంటే గుర్తు పక్కన నిలువు గీత (>|) చేర్చాలి. ఈ ఏర్పాటు రోజూ వాడే షెల్ సెట్టింగుల ఫైల్‌లో ఉండదగ్గదే. కానీ ఇది ‘సీపీ’, ‘ఎంవీ’లను ఆపదు.

అడిగి చేయించుకోవడం ఎలా?

‘సీపీ -ఐ’, ‘ఎంవీ -ఐ’ అంటే అదే పేరుతో ఫైల్ ఉన్నప్పుడు ముందుగా అడుగుతాయి. ‘-ఎన్’ అంటే అడగకుండానే ఉన్నదాన్ని వదిలేస్తాయి.

కొన్ని లైనక్స్ వ్యవస్థల్లో రూట్ యూజర్‌కు ‘సీపీ’ అని కొడితే ‘సీపీ -ఐ’గా పనిచేసేలా ముందే ఏర్పాటు చేసి ఉంటుంది. దానికి అలవాటుపడటం ప్రమాదం. ఆ ఏర్పాటు లేని మరో సర్వర్‌లోకి వెళ్లినప్పుడు చేయి అదే కమాండ్ కొడుతుంది, కానీ ప్రశ్న మాత్రం రాదు. స్క్రిప్ట్‌లలోనూ ఈ మారుపేర్లు మామూలుగా పనిచేయవు. ‘-ఐ’ని వేళ్లకు అలవాటు చేసుకోవడమే మంచిది.

మరో చిన్న జాగ్రత్త. ఫైల్‌ను ఒక ఫోల్డర్‌లోకి పంపుతున్నప్పుడు ఫోల్డర్ పేరు చివర స్లాష్ (/) పెట్టాలి. స్లాష్ లేకుండా, ఆ పేరుతో ఫోల్డర్ కూడా లేకపోతే, ‘ఎంవీ’ ఆ పేరునే ఫైల్‌కు పెట్టేస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి పది ఫైళ్లను అలా పంపితే మొదటి తొమ్మిదీ పోయి చివరిది ఒక్కటే మిగులుతుంది. స్లాష్ ఉంటే కమాండ్ తప్పు చూపించి ఆగిపోతుంది.

పాతదాన్ని పక్కన పెట్టించడం

లైనక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ వారి ‘సీపీ’, ‘ఎంవీ’ కమాండ్‌లలో బ్యాకప్ సదుపాయం ఉంది. చాలామంది దాన్ని వాడరు.

‘-బీ’ ఆప్షన్ ఇస్తే, ఉన్న ఫైల్ పేరు చివర టిల్డా గుర్తు (~) చేర్చి పక్కన పెట్టి, ఆ తర్వాతే కొత్తది తెస్తుంది. అయితే రెండోసారి అదే చేస్తే మొదటి బ్యాకప్ పోయి, రెండోది దాని స్థానంలోకి వస్తుంది. ఉదయం బాగున్న ఫైల్‌ను రెండుసార్లు తప్పుగా మార్చినవారికి చివరికి మిగిలేది ఒక తప్పు, దాని బ్యాకప్‌గా ఇంకో తప్పు.

అందుకే రెండు హైఫన్ల తర్వాత ‘బ్యాకప్=నంబర్డ్’ అని పూర్తిగా రాయడం మేలు. అప్పుడు పాత రూపాలు 1, 2, 3 అంటూ వరుస సంఖ్యలతో నిలుస్తాయి. ఏదీ మరొకదాన్ని తొక్కదు. ఈ సదుపాయం మాక్ కంప్యూటర్లలోని ‘సీపీ’లో ఉండదు కాబట్టి అక్కడ దీనిపై ఆధారపడకూడదు.

సర్వర్లలో సెట్టింగుల ఫైళ్లు మార్చేముందు తేదీతో కాపీ తీసుకోవడం ఇంకో పద్ధతి. ‘సీపీ -ఏ’తో కాపీ చేస్తే ఫైల్ అనుమతులు, తేదీలు, వీలైనంతవరకు యాజమాన్యం అలాగే వస్తాయి. పేరు చివర తేదీని ఏడాది, నెల, రోజు వరుసలో రాస్తే జాబితాలో అవి కాలక్రమంలో కనిపిస్తాయి.

కాపీని ఎక్కడ పెడుతున్నామన్నదీ ముఖ్యమే. వెబ్‌సైట్ ఫోల్డర్‌లోని పీహెచ్‌పీ సెట్టింగుల ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది. దాని పేరు చివర ‘బ్యాక్’ లాంటి తోక తగిలించి అక్కడే వదిలేస్తే, సర్వర్ దాన్ని ప్రోగ్రామ్‌గా కాక మామూలు టెక్స్ట్‌గా చూసి, అడిగినవాళ్లకు చూపించే ప్రమాదం ఉంది. అలాంటి పేర్ల కోసమే ఇంటర్నెట్‌లో గాలించేవాళ్లున్నారు. ఇంకొన్ని ఫోల్డర్లలో ఉన్న ప్రతి ఫైల్‌నూ సర్వర్ చదివేస్తుంది. డెబియన్, ఉబుంటులలో ఎన్‌జిన్ఎక్స్ సైట్ల ఫోల్డర్ అలాంటిదే. అక్కడ పెట్టిన పాత కాపీ కూడా అమల్లోకి వచ్చేస్తుంది. కాపీలకు వేరే ఫోల్డర్, అదీ ఇతరులు చదవలేని ఫోల్డర్ ఉండాలి.

తెలుగు పేర్లతో వచ్చే చిక్కు

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవారు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. యూనికోడ్‌ను నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. కంటికి ఒకే అక్షరంగా కనిపించే ‘స్త్రీ’లో 6 సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు.

ఈ లెక్కన తెలుగు పేరుకు 85 సంకేతాలే పరిమితి. వ్యాసం శీర్షికనే ఫైల్ పేరుగా పెట్టుకునేవారు తేలిగ్గా అక్కడిదాకా వస్తారు. దానికి తేదీ తోక తగిలించబోతే పేరు మరీ పొడవైందంటూ కాపీ ఆగిపోతుంది. స్క్రిప్ట్ ఆ తప్పును పట్టించుకోకుండా తర్వాతి వరుసకు వెళ్తే, బ్యాకప్ లేకుండానే పాత ఫైల్ మారిపోతుంది. కాపీ కమాండ్‌కూ, మార్చే కమాండ్‌కూ మధ్య రెండు యాంపర్‌సండ్ గుర్తులు (&&) పెడితే మొదటిది సఫలమైతేనే రెండోది నడుస్తుంది. పేర్లలో ఖాళీలు ఉంటే మొత్తం పేరును కోట్లలో పెట్టాలి.

ఫైల్‌ను మార్చే భద్రమైన వరుస

ముఖ్యమైన ఫైల్‌ను మార్చేటప్పుడు ఈ ఐదు మెట్లూ పాటిస్తే ఏ దశలో ఏది ఆగినా పాతది మిగిలే ఉంటుంది.

1. పాత ఫైల్‌ను ‘సీపీ -ఏ’తో తేదీ పేరిట వేరేచోట భద్రపరచాలి. ‘సీఎంపీ’ కమాండ్‌తో రెండింటినీ పోల్చాలి. అది ఏమీ చెప్పకపోతే రెండూ ఒకటే అని అర్థం.

2. అదే ‘సీపీ -ఏ’తో అసలు ఫైల్ ఉన్న ఫైల్ సిస్టమ్‌లోనే తాత్కాలిక పేరుతో ఇంకో కాపీ చేసి, మార్పులన్నీ అందులోనే చేయాలి. ఇలా చేస్తే పాత అనుమతులు కొత్త ఫైల్‌కూ వస్తాయి. వేరే డిస్కు నుంచి ‘ఎంవీ’ చేస్తే అది పేరు మార్పు కాదు, కాపీ చేసి చెరపడమే. అవిభాజ్యత అనే హామీ అక్కడ ఉండదు.

3. కొత్త ఫైల్‌ను పరీక్షించాలి. ‘డిఫ్’ కమాండ్ పాత, కొత్త తేడాలను వరుసవారీగా చూపిస్తుంది. చాలా సర్వర్ ప్రోగ్రామ్‌లు తమ సెట్టింగులను తామే తనిఖీ చేస్తాయి. ఎన్‌జిన్ఎక్స్‌కూ, ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కూ అందుకు ‘-టీ’ ఆప్షన్ ఉంది. సుడో అనుమతుల ఫైల్‌ను ‘వీఐసుడో’తోనే మార్చాలి. అది తాత్కాలిక కాపీలో మార్పులు చేయించి, తప్పులు లేకపోతేనే అసలు ఫైల్‌ను మారుస్తుంది.

4. ‘సింక్’ కమాండ్‌కు కొత్త ఫైల్ పేరు ఇచ్చి, అందులోని సమాచారం నిజంగా డిస్కుకు చేరేలా చూడాలి. ఈ మెట్టు ఎందుకో 2009లో చాలామందికి తెలిసొచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌ట్4 వేగం కోసం డేటాను డిస్కుకు రాయడం కాస్త ఆలస్యం చేసేది. పేరు మార్పు ముందే నమోదై, డేటా చేరేలోగా కంప్యూటర్ ఆగిపోతే, తిరిగి తెరిచినప్పుడు సున్నా బైట్ల ఫైళ్లు కనిపించేవి. ఇలాంటి సందర్భాలను పట్టుకునే ఏర్పాటు కెర్నల్ 2.6.30లో చేర్చారు. అయినా అన్ని ఫైల్ సిస్టమ్‌లూ ఒకేలా ప్రవర్తించవు. సింక్ చేయడానికి పట్టే సమయం క్షణమే.

5. చివరగా ‘ఎంవీ’తో తాత్కాలిక పేరును అసలు పేరుగా మార్చాలి. ఎస్ఎస్‌హెచ్ సెట్టింగులను మార్చినప్పుడు ఉన్న కనెక్షన్‌ను మూసేయకుండా, ఇంకో టెర్మినల్ నుంచి లోపలికి వెళ్లగలుగుతున్నామో లేదో చూసుకోవాలి.

ఫైల్‌లో మాటలు మార్చే ‘సెడ్ -ఐ’ కూడా లోపల తాత్కాలిక ఫైల్, పేరు మార్పు పద్ధతినే వాడుతుంది. ‘-ఐ’కి ఆనించి ఒక తోక రాస్తే పాత ఫైల్‌ను ఆ తోకతో ఉంచుతుంది. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఇచ్చిన పేరు వేరే ఫైల్‌కు దారి చూపే సింబాలిక్ లింక్ అయితే, ‘సెడ్ -ఐ’ లింక్‌ను తీసేసి అక్కడ మామూలు ఫైల్ పెడుతుంది. అసలు ఫైల్ మారకుండా ఉండిపోతుంది. ‘ఎంవీ’ కూడా అంతే.

ఒక్క ఖాళీ ఖరీదు

క్యోటో ఘటనలో రెండో పాఠం ఖాళీ వేరియబుల్. స్క్రిప్ట్ మొదట్లో ‘సెట్ -యూ’ అని రాస్తే, విలువ లేని వేరియబుల్ ఎదురైనప్పుడు షెల్ ఆగిపోతుంది. అయితే క్యోటోలోలాగా నడిమధ్య నుంచి చదివే స్క్రిప్ట్‌లో కొత్తగా చేర్చిన మొదటి వరుస కూడా దాటిపోతుంది. అందుకే చెరిపే వరుసలోనే వేరియబుల్ పేరు పక్కన కోలన్, ప్రశ్నార్థకం (:?) చేర్చడం మరింత గట్టి రక్షణ. విలువ లేకపోతే అక్కడికక్కడే ఆగిపోతుంది.

2011లో బంబుల్‌బీ అనే లైనక్స్ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ స్క్రిప్ట్‌లో ఒక ఫోల్డర్ దారి మధ్యలో పొరపాటున ఒక ఖాళీ పడింది. షెల్ దాన్ని రెండు దారులుగా చదివింది. మొదటిది ‘యూఎస్ఆర్’. లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లన్నీ ఉండే ఫోల్డర్ అది. ఆ స్క్రిప్ట్‌ను నడిపినవారి కంప్యూటర్లలో ఆ ఫోల్డర్ అంతా చెరిగిపోయింది.

నక్షత్రం గుర్తు (*) వాడి చెరపాల్సి వచ్చినప్పుడు, ముందు అదే వరుసను ‘ఆర్ఎం’ బదులు ‘ఎల్ఎస్’తో కొట్టి చూడాలి. ఏయే పేర్లు వస్తున్నాయో కళ్లారా చూశాకే చెరపాలి.

అద్దం బ్యాకప్ కాదు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒకే డిస్కులోని జాగ్రత్తలు. డిస్కే పోతే పక్కనున్న కాపీ కూడా దానితోనే పోతుంది. వేరే డిస్కుకో, వేరే ఊళ్లోని కంప్యూటర్‌కో పంపడానికి ఎక్కువమంది వాడేది ‘ఆర్‌సింక్’. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ 1996లో దీన్ని విడుదల చేశారు. మారిన భాగాలను మాత్రమే పంపడం దీని ప్రత్యేకత. గమ్యంలో ముందు తాత్కాలిక ఫైల్‌గా రాసి, పూర్తయ్యాకే పేరు మార్చడం దీనికి పుట్టుకతో వచ్చిన అలవాటు.

ఆర్‌సింక్‌లో మూడు విషయాలు తెలిసి ఉండాలి. మొదటిది, మూల ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే లోపలివి మాత్రమే వెళ్తాయి, లేకపోతే ఫోల్డరే వెళ్తుంది. రెండోది, రెండు హైఫన్ల ‘డిలీట్’ ఆప్షన్ ఇస్తే మూలంలో లేనివాటిని గమ్యంలోనూ చెరిపేస్తుంది. మూల ఫోల్డర్ ఏ కారణంగానో ఖాళీ అయితే, బ్యాకప్ కూడా ఖాళీ అవుతుంది. మూడోది, ‘-ఎన్’ ఇస్తే ఏం చేయబోతోందో చెబుతుంది కానీ చేయదు. ‘డిలీట్’ వాడే ముందు ప్రతిసారీ ‘-ఎన్’తో చూడటం తప్పనిసరి.

మూలంలో ఏముంటే గమ్యంలో అదే ఉండేలా చేసేది అద్దం లాంటిది. ముఖం మీద మసి పడితే అద్దంలోనూ పడుతుంది. ఈ రోజు పాడైన ఫైల్ ఈ రాత్రికి బ్యాకప్‌లోని మంచి ఫైల్‌ను తొక్కేస్తుంది. రెండు డిస్కులకు ఒకేసారి రాసే రెయిడ్‌దీ అదే పరిస్థితి. అది డిస్కు చెడిపోతే కాపాడుతుంది, మనిషి పొరపాటు నుంచి కాదు.

దీనికి పరిష్కారం తేదీలవారీగా కాపీలు ఉంచడం. ఆర్‌సింక్‌లో ‘లింక్-డెస్ట్’ ఆప్షన్‌తో ప్రతి రోజుకూ ఒక పూర్తి ఫోల్డర్ కనిపిస్తుంది. మారని ఫైళ్లకు మాత్రం నిన్నటి ఐనోడ్‌కే ఇంకో పేరు పలక తగిలిస్తుంది కాబట్టి అదనపు స్థలం దాదాపు పట్టదు. ‘బ్యాకప్-డిర్’ ఆప్షన్ అయితే మారబోయే, చెరగబోయే పాత ఫైళ్లను వేరే ఫోల్డర్‌లోకి తరలిస్తుంది.

ఎన్ని కాపీలు ఉండాలన్న ప్రశ్నకు ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం తేలికగా గుర్తుండే జవాబు. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, అందులో ఒకటి వేరే చోట.

తిరిగి తెచ్చి చూడని బ్యాకప్

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు డేటాబేస్ సమస్యతో గంటల తరబడి కుస్తీ పడుతూ, రెండో సర్వర్‌లో ఉన్నాననుకుని ప్రధాన సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను చెరిపే కమాండ్ కొట్టారు. ఒకటి రెండు సెకన్లలోనే పొరపాటు గ్రహించి ఆపారు. అప్పటికే సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లు.

ఆ సంస్థకు బ్యాకప్ ఏర్పాట్లు లేక కాదు. ఐదు పద్ధతులున్నాయి. అవసరపడిన రాత్రి వాటిలో ఒక్కటీ అనుకున్నట్టు పనిచేయలేదు. రోజువారీ డేటాబేస్ కాపీ తీయాల్సిన ప్రోగ్రామ్, డేటాబేస్ వెర్షన్ 9.6 అయితే తాను 9.2 కావడంతో ఎప్పటికప్పుడు విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన హెచ్చరిక ఈమెయిళ్లను అవతలి సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది. కాపీలు చేరాల్సిన చోటు ఖాళీగా ఉందని ఆ రాత్రే తెలిసింది. చివరికి ఆదుకున్నది, వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల్లో నమోదైన సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. ఏం జరిగిందో ఆ సంస్థే దాపరికం లేకుండా వెల్లడించింది.

కాబట్టి బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ నడిచిందా అని చూసుకుంటే చాలదు. నెలకొకసారైనా ఒక ఫైల్‌ను ఎంచుకుని, ఖాళీ ఫోల్డర్‌లోకి బ్యాకప్ నుంచి తెచ్చి, తెరిచి చూడాలి. ఎక్కువ ఫైళ్లుంటే ‘షా256సమ్’ కమాండ్‌తో ముందే గుర్తింపు సంఖ్యల జాబితా రాసి పెట్టుకుని, తెచ్చినవాటిని ‘-సీ’ ఆప్షన్‌తో దానితో పోల్చాలి. విఫలమైతేనే సందేశం వచ్చే ఏర్పాటు కన్నా, విజయవంతమైన ప్రతిరోజూ సందేశం వచ్చే ఏర్పాటు నయం. రాని రోజు అనుమానం వస్తుంది.

ఇప్పటికే పోతే?

ముందుగా ఆ డిస్కుపై ఇంకేమీ రాయకుండా ఆపాలి. చెరిపిన ఫైల్‌ను ఏదైనా ప్రోగ్రామ్ ఇంకా తెరిచే ఉంచితే ఆ ఇల్లు ఇంకా కూలలేదన్నమాట. ప్రోగ్రామ్‌ను ఆపేయకుండా, ‘ఎల్ఎస్ఓఎఫ్’ కమాండ్‌తో దాని ప్రాసెస్ సంఖ్య తెలుసుకుంటే, ‘ప్రాక్’ ఫోల్డర్‌లో ఆ సంఖ్య కింద ఉండే ‘ఎఫ్‌డీ’ నుంచి ఫైల్‌ను కాపీ చేసుకోవచ్చు. కంగారులో కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే ఆ ఒక్క దారీ మూసుకుపోతుంది. ‘సీపీ’తోనో, గ్రేటర్ దేన్ గుర్తుతోనో పాతదానిపై కొత్తది రాసేసి ఉంటే మాత్రం ఈ దారి లేదు. అక్కడ ఇల్లు అదే, సామానే పోయింది.

క్యోటోలో 14 బృందాల్లో 10 బృందాలకు బ్యాకప్ అక్కరకొచ్చింది. మిగిలిన నాలుగు బృందాలకు ఆ అవకాశం దక్కలేదు. వాళ్ల ఫైళ్లు పోవడానికి కారణమైన కాపీ పట్టిన సమయం ఒక సెకను కూడా ఉండదు. తాత్కాలిక పేరుతో పెట్టి ‘ఎంవీ’ కొట్టడానికి పట్టేదీ దాదాపు అంతే.